గంటకోసారి వెలిగే ఎర్రలైటు



మీ బాత్‌రూంలో గోడకు వేలాడే గీజర్ ఎర్రలైటు రోజుకు ఎన్నిసార్లు వెలిగి ఆరుతోందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? డ్యూటీలు, పిల్లలు, వంట అన్నీ వదిలేసి గీజర్ ముందు ఎవరు కూర్చుంటారు అంటారా, నిజమే. కానీ కరెంటు బిల్లు దగ్గరా వేడినీళ్ల దగ్గరా ఇంట్లో మాటామాటా వచ్చినప్పుడు ఆ లెక్కే పనికొస్తుంది. మా ఫ్లాట్‌లో ఒక అమ్మాయి మీద పడిన నింద ఆ లెక్కతోనే పోయింది. అందుకే ఇది మీకు రాస్తున్నా.

ముందు గీజర్ సంగతి చెప్తా. సౌదీలో దీన్ని సఖ్ఖాన్ అంటారు. మన ఊళ్లలో చిన్నప్పుడు బాయిలర్ అంటే రాగి బాయిలరే కదా. నడిమధ్య గొట్టం, అందులో బొగ్గులో కొబ్బరి డొక్కలో, పక్కన ఇత్తడి కుళాయి. మంట ఆరితే మళ్లీ ఎవరో ఒకరు వచ్చి ఎగదోయాలి. గీజర్‌కు ఆ బాధ లేదు. మూసేసిన ట్యాంకు, లోపల నీళ్లు కాచే ఎలిమెంటు, ఎంత కాగాయో చూసే థర్మోస్టాట్. మనం పెట్టిన వేడికి రాగానే కరెంటు ఆపేస్తుంది, కొన్ని డిగ్రీలు తగ్గగానే మళ్లీ ఇస్తుంది. కాబట్టి వెలగడం, ఆరడం దాని పనే, జబ్బు కాదు. ఎవరూ నీళ్లు వాడకపోయినా మాటిమాటికీ వెలుగుతుంటే మాత్రం జబ్బే.

మేం రియాద్‌లో మలజ్ వైపు ఒక పాత బిల్డింగులో నలుగురు నర్సులం ఉంటాం. వేర్వేరు పాలీక్లినిక్‌లు, వేర్వేరు షిఫ్టులు. అద్దె, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ నాలుగు వాటాలు. ఒకటే బాత్‌రూం, ఒకటే యాభై లీటర్ల గీజర్. ఎడారి అంటే ఏడాదంతా మండుతుందని ఇంటి దగ్గర వాళ్లు అనుకుంటారు గానీ, జనవరిలో రియాద్ రాత్రులు పది డిగ్రీల లోపుకు పడిపోతాయి. మేడమీద ట్యాంకులో నీళ్లు పొద్దున్నే పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి.

డిసెంబరులో మా దగ్గరికి తుని నుంచి ఒక కొత్తమ్మాయి వచ్చింది. మొదటిసారి దేశం దాటిన పిల్ల. సరిగ్గా ఆ నెల నుంచే రెండు తేడాలు కనిపించాయి. ఏసీలు ఆపేశాం కాబట్టి తగ్గాల్సిన బిల్లు అనుకున్నంత తగ్గలేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లకు స్నానం సగంలో ఉండగానే నీళ్లు గోరువెచ్చనైపోతున్నాయి. మాలో పెద్దక్క ఒకరోజు అన్నం తింటూ అంది, "ఇదివరకు ముగ్గురం ఉన్నప్పుడు ఇంత రాలేదు కదమ్మా." ఎవరి పేరూ ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ లేదు. ఆ పిల్ల ముద్ద చేతిలోనే పెట్టుకుని, "నేను ఒక్క బకెట్టే పోసుకుంటున్నానక్కా" అంది. ఎవరం మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఆ పిల్ల చన్నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టింది. తలుపు వెనక నుంచి వణుకు వినిపించేది.

డబ్బు ఎంతో చెప్తే మీరు నవ్వుతారు. లెక్క తర్వాత వేస్తా. కానీ పరాయి దేశంలో ఒకే కప్పు కింద బతికేవాళ్ల మధ్య డబ్బు కన్నా మాట బరువెక్కువ. కొత్తగా వచ్చినవాళ్లకు ఎదురు చెప్పే ధైర్యం ఉండదు, సర్దుకుపోతారు.

హారిస్‌తో చెప్తే ఒక సబ్బాక్‌ను, అంటే ప్లంబర్‌ను, తీసుకొచ్చాడు. అతను గీజర్ మీద తట్టి చూసి, "థర్మోస్టాట్ ఖరాబ్, మార్చేస్తా, మాఫీ ముష్కిల్" అన్నాడు. కావచ్చు, కాకపోవచ్చు. జ్వరం ఉందనగానే మనం ఇంజక్షన్ ఇవ్వం కదా, ముందు చార్టు రాస్తాం. ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఎప్పుడు దిగుతోంది అని. గీజర్‌కూ చార్టు రాయాలనిపించింది. రెండు రోజులాగమని అతణ్ని పంపేశా.

ఆ శుక్రవారం నాకు సెలవు, మిగతా ముగ్గురికీ డ్యూటీ. పొద్దున్న ఎనిమిదింటికి చివరి స్నానం అయ్యింది. గీజర్ పూర్తిగా కాగి లైటు ఆరేదాకా ఆగాను. ఆ తర్వాత బాత్‌రూంలో నీళ్లు ముట్టుకోలేదు. బాత్‌రూం తలుపు తీసిపెట్టుకుని ఎదురుగా కూరగాయలు తరుక్కుంటూ, బట్టలు మడతపెట్టుకుంటూ, లైటు వెలిగిన టైము, ఆరిన టైము కాగితం మీద రాశాను. దాదాపు గంటకోసారి వెలుగుతోంది, పావుగంట ఉండి ఆరుతోంది. మధ్యాహ్నం మూడింటిదాకా అదే వరస. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు, నేను కుళాయి తిప్పలేదు. మరి కాచిన నీళ్లు ఎవరు వాడుతున్నట్టు?

ఇక్కడ కాస్త లెక్క అర్థం చేసుకుంటే మీకే తెలిసిపోతుంది. యాభై లీటర్ల గీజర్‌లో ఎలిమెంటు 1500 వాట్లది అనుకుందాం. 20 డిగ్రీల నీళ్లను 60కి తేవడానికి 2.3 యూనిట్లు కావాలి, అంటే గంటన్నర. ఒకసారి కాగాక ఎవరూ వాడకపోతే ట్యాంకు గోడల గుండా పోయే వేడి రోజుకు ఒక యూనిట్టు, మహా అయితే ఒకటిన్నర. ఆరు డిగ్రీలు తగ్గాక వెలిగే థర్మోస్టాట్ అయితే ఒక్కో విడత పావుగంట, 0.35 యూనిట్. అంటే మంచి గీజర్ ఊరికే ఉన్నప్పుడు రోజుకు మూడు నాలుగు సార్లు వెలిగితే చాలు. మాది ఇరవై నాలుగు సార్లు వెలుగుతోంది. తేడా రోజుకు ఏడు యూనిట్లు. అది మూడు ట్యాంకుల నీళ్లను చన్నీళ్ల నుంచి కాచేంత కరెంటు. నలుగురి స్నానాలూ కాక, ఐదో మనిషెవరో రోజూ నూటయాభై లీటర్ల వేడినీళ్లు పోసుకుంటున్నట్టు.

ఆ ఐదో మనిషి కోసం వెతికాను. కింద ఎక్కడా తడి లేదు. హాట్ కుళాయిలేవీ కారడం లేదు. గీజర్ కింద సేఫ్టీ వాల్వ్ దగ్గర నాలుగు చుక్కలు తప్ప ఏమీ లేదు. చివరికి వాష్‌బేసిన్‌లో కోల్డ్ కుళాయి తిప్పితే మొదట వచ్చిన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. చన్నీళ్ల గొట్టంలోకి వేడినీళ్లు ఎలా వచ్చాయి? అప్పుడు ఫ్లష్ ట్యాంకు మూత తీసి చెయ్యి పెట్టాను. ఆ నీళ్లూ వెచ్చగానే ఉన్నాయి. చెవి ఆనించి వింటే సన్నగా సుయ్‌మంటూ నీళ్లు నిండుతున్న చప్పుడు. మా గీజర్ కాచిన నీళ్లు తాగుతున్నది మా ఫ్లష్ ట్యాంకు!

ఎలాగంటే చెప్తా. సౌదీ బాత్‌రూంలలో కమోడ్ పక్కన షత్తాఫ్ ఉంటుంది కదా, చేత్తో నొక్కే స్ప్రే. మాకున్నది మిక్సర్‌కు బిగించింది, ఒక పక్క వేడి, ఒక పక్క చల్ల. చలికాలం రాగానే అందరం రెండూ తిప్పి వెచ్చగా సరిచేసుకున్నాక, మిక్సర్ అలాగే తెరిచి వదిలేసి, చేతిలోని మీట మాత్రమే వాడటం మొదలైంది. మీట వదిలితే బయటికి నీళ్లు రావు. కానీ మిక్సర్ లోపల వేడిగొట్టం, చల్లగొట్టం రెండూ కలిసే ఉన్నాయి. ఇక ఏ వైపు లాగుడు ఉంటే నీళ్లు ఆ వైపు పోతాయి. ఫ్లష్ ట్యాంకు అడుగున రబ్బరు అరిగి నీళ్లు కమోడ్‌లోకి చప్పుడు లేకుండా జారిపోతున్నాయి. ట్యాంకు ఎప్పుడూ నిండుతూనే ఉంది. చన్నీళ్ల గొట్టం మీది మహ్బస్, అంటే ఆపే వాల్వు, సున్నం పట్టి సగం మూసుకుపోయింది కాబట్టి, అక్కడ చాలని నీళ్లు గీజర్ గుండా, మిక్సర్ గుండా చుట్టు తిరిగి వస్తున్నాయి. స్నానంలో వేడినీళ్లు తొందరగా చల్లబడటానికీ ఇదే కారణం. షవర్ తిప్పగానే అదే దారిన చన్నీళ్లు వేడిగొట్టంలోకి దూరుతున్నాయి.

మిక్సర్ రెండు పక్కలా గట్టిగా మూసేశాను. మళ్లీ గీజర్ కాగేదాకా ఆగి కాగితం ముందేసుకున్నాను. సాయంత్రం నాలుగున్నరకు ఆరిన లైటు రాత్రి పదిదాకా వెలగలేదు. మిగతావాళ్లను కూడా ఆ పూట బాత్‌రూంలో నీళ్లు తిప్పొద్దని బతిమాలుకున్నా, పాపం వంటింట్లో కాళ్లు కడుక్కున్నారు. మర్నాడు పది రియాళ్లు పెట్టి ఫ్లష్ ట్యాంకు రబ్బరు మార్పించాం, మహ్బస్ మార్పించాం. థర్మోస్టాట్ ఇప్పటికీ పాతదే.

కాగితం భోజనాల దగ్గర పెట్టి లెక్క చదివాను. రోజుకు ఏడు యూనిట్లు, నెలకు రెండు వందల పది. సౌదీలో ఇళ్లకు నెలకు 6000 యూనిట్ల దాకా యూనిట్ 18 హలాలాలు, ఆ పైన 30. అంటే ముప్ఫై ఎనిమిది రియాళ్లు, 15 శాతం వ్యాట్ కలిపితే నలభై నాలుగు లోపే. తలకు పదకొండు రియాళ్లు. ఆ పదకొండు రియాళ్ల కోసం ఒక పిల్ల నెలరోజులుగా చన్నీళ్లు పోసుకుంది. పెద్దక్క కాగితాన్ని రెండుసార్లు చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న ఆ పిల్ల డ్యూటీ నుంచి వచ్చేసరికి గీజర్ వేసి, బకెట్టు నిండా వేడినీళ్లు పట్టి పెట్టింది.

ఇప్పుడు మీ ఇళ్ల సంగతి. అందరి జబ్బూ మా జబ్బే అవ్వాలని లేదు. లైటు ఎలా వెలుగుతోందన్నదాన్ని బట్టి కారణం మారుతుంది. గంటకో, రెండు గంటలకో ఒకసారి వెలిగి పావుగంట ఉంటే వేడి ఎటో పోతోందని అర్థం. కుళాయి కారడం, షత్తాఫ్ మిక్సర్ తెరిచి ఉండటం, వేడిగొట్టం గోడ లోపల కారడం చూసుకోండి. అలా కాక రెండు మూడు నిమిషాలకోసారి టిక్కుమని వెలిగి వెంటనే ఆరుతుంటే థర్మోస్టాట్‌నో, దాని తీగల బిగింపునో, లోపల పట్టిన సున్నాన్నో అనుమానించాలి. సున్నం పొర ఎలిమెంటునూ థర్మోస్టాట్ గొట్టాన్నీ కప్పేస్తే దగ్గర నీళ్ల వేడే దానికి తెలుస్తుంది, ట్యాంకంతా కాగకముందే ఆగిపోతుంది. రియాద్‌కు వచ్చే నీళ్లలో చాలా భాగం జుబైల్, రాస్ అల్ ఖైర్‌లలో సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసి వందల కిలోమీటర్లు గొట్టాల్లో పంపేవి. బోరు నీళ్లు కలిసినచోటా, ట్యాంకర్‌తో బోరు నీళ్లు తెప్పించుకునేచోటా సున్నం ఎక్కువ. ఏడాది రెండేళ్లకోసారి గీజర్ విప్పించి కడిగించండి. అప్పుడే లోపలి మెగ్నీషియం కడ్డీ కూడా చూడమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తను అరిగిపోయేది అదే. అది అయిపోతే ఆ తర్వాత వంతు ట్యాంకుది. ఇక లైటు అసలు ఆరకపోతే ఎలిమెంటు బలహీనమైనా అయ్యుండాలి, పెద్ద లీకైనా ఉండాలి.

బ్రేకర్ పడిపోతుంటే మాత్రం లెక్కలు కట్టకండి, గీజర్ వాడటం ఆపెయ్యండి. అది ఎలిమెంటు పగిలి కరెంటు నీళ్లలోకి వస్తోందని చెప్పడం కావచ్చు. మాటిమాటికీ పైకెత్తడం గానీ, పెద్ద బ్రేకర్ వేయించడం గానీ చేయొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి. సౌదీ పాత బిల్డింగుల్లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 127 వోల్టులే, రెండు ఫేజుల మధ్య 220. గీజర్‌కు 220 కావాలి కాబట్టి దానికి వచ్చే రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. ఇండియాలోలాగా ఒకటి న్యూట్రల్ కాదు. కాబట్టి ఒక్క తీగను మాత్రమే ఆపే స్విచ్ నొక్కి, ఆరిపోయింది కదా అని గీజర్ మూత విప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు విప్పినా ముందు తబ్లూన్‌లో, అంటే మెయిన్ బోర్డులో, రెండు తీగల్నీ కలిపి ఆపే బ్రేకర్ దింపాలి. పాత ఇల్లయితే స్నానానికి ముందు కూడా గీజర్ ఆపేయడమే మేలు.

సేఫ్టీ వాల్వ్ దగ్గర చుక్కలు పడుతున్నాయని గుడ్డ కట్టేవాళ్లను, బిరడా బిగించేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. నీళ్లు కాగితే ఉబ్బుతాయి. యాభై లీటర్లు 20 నుంచి 60 డిగ్రీలకు వచ్చేసరికి ముప్పావు లీటరు పెరుగుతాయి. ఆ పెరిగినవి పోవడానికే ఆ దారి. కాగేటప్పుడు నాలుగు చుక్కలు పడితే అది పనిచేస్తోందని అర్థం. మూసేస్తే ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది. కాగడం అయ్యాక కూడా ధారగా కారుతుంటేనే వాల్వు మార్చాలి.

వేడి ఎంత పెట్టాలన్నది నర్సుగా చెప్తా. ట్యాంకులో 60 డిగ్రీలు ఉండాలి. అంతకన్నా బాగా తగ్గిస్తే, ముఖ్యంగా 20 నుంచి 45 మధ్య, లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. కానీ ఆ 60 డిగ్రీల నీళ్లే ఐదు సెకన్లలో చర్మాన్ని తీవ్రంగా కాల్చేస్తాయి, పసిపిల్లలకు, ముసలివాళ్లకు ఇంకా తొందరగా. విజిట్ వీసా మీద అమ్మానాన్నలు వచ్చినప్పుడు, బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పట్టడం నేర్పండి. మన ఊరి అలవాటు తిరగేసి ఉండొచ్చు.

ఎండాకాలం వచ్చాక కథ తిరగబడుతుంది. మేడమీద ట్యాంకు సలసలా కాగుతుంది, కోల్డ్ కుళాయిలో చెయ్యి పెట్టలేం. ఇక్కడ ఏళ్లుగా ఉన్నవాళ్లు అప్పుడు గీజర్ ఆపేసి, హాట్ కుళాయినే వాడతారు. ఏసీ నీడలో ఉన్న ట్యాంకు కాబట్టి అవే చల్లటి నీళ్లు. మంచి ఉపాయమే. మళ్లీ చలికాలం మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఒకసారి 60కి పూర్తిగా కాచి, కాసేపు కుళాయి వదిలేశాకే స్నానానికి వాడండి.

లండన్ దగ్గర ఉండే మా పెద్దమ్మ కూతురికి ఇదంతా ఫోన్‌లో చెప్తే, వాళ్లింట్లో ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ కూడా నిమిషాల్లో వెలిగి ఆరుతోందని చెప్పింది. అక్కడ ఎక్కువసార్లు కారణం వేరుగా ఉంటుంది. ఇంటికి కావలసిన దానికన్నా బాయిలర్ పెద్దదై, రేడియేటర్లు వేడిని తీసుకోలేక తిప్పికొడతాయి. జెద్దా, దమ్మాంలలో ఉండే అక్కలు ఇదే సంగతి ఏసీలో చూసుంటారు. చిన్న గదికి పెద్ద ఏసీ పెడితే గది చల్లబడుతుంది, కంప్రెసర్ ఆగిపోతుంది, గాలిలో చెమ్మ మాత్రం అలాగే ఉండిపోతుంది. చల్లగా ఉన్నా జిగటగా ఉందంటే పక్కవాళ్లను అడిగి చూడండి. యంత్రం ఏదైనా మాటిమాటికీ ఆగి మొదలవుతోందంటే ముందు టైము రాయండి, ఆ తర్వాతే సామాను మార్పించండి.

చివరిగా, సౌదీ ఇళ్లలో పనిచేస్తున్న చెల్లెళ్లకు ఒక మాట. మీలో చాలామందికి వంటింటి పక్కనో మేడమీదో చిన్న బాత్‌రూం, దానికో పాత గీజర్ ఉంటాయి. నీళ్లు ఎక్కువ వాడుతున్నావనో, కరెంటు తగలేస్తున్నావనో మాట వస్తే, భాష చాలక ఊరుకుంటారు. ఒక సెలవు పూట లైటు వెలిగినప్పుడు, ఆరినప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఫొటోలో టైము ఉంటుంది. ఆ ఫొటోలు వరసగా చూపిస్తే అరబ్బీ అక్కర్లేదు. ముట్టుకుంటే జిల్లుమంటోందంటే మాత్రం ఫొటోల కోసం ఆగకండి. ముట్టుకోకుండా బయటికొచ్చి, "కహ్రబా, ఖతర్" అనండి. కరెంటు, ప్రమాదం అని. ఆ రెండు ముక్కలు చాలు.

మీ గీజర్ లెక్క ఎంత వచ్చిందో గ్రూపులో రాయండి. ఎన్ని లీటర్లది, గంటకు ఎన్నిసార్లు వెలుగుతోంది, ఒక్కో విడత ఎంతసేపు అన్న మూడు సంగతులు ఉంటే చాలు, అందరం కలిసి చూద్దాం.